రొయ్యకున్న విరుగుడు మనిషికి లేదా?

నెల్లూరు తీరం రొయ్యల తీరం. ఈ తీరంలో రొయ్యపిల్లల్ని పెంచే హేచరీల్లో ఒక పద్ధతి ఉంది. సముద్రపు నీళ్ళలో రోగక్రిములు చావాలని ముందు క్లోరిన్ కలుపుతారు. ఆ క్లోరిన్ నీళ్ళలో మిగిలిపోతే రొయ్యపిల్ల చచ్చిపోతుంది. అందుకని దాన్ని విరిచేయడానికి సోడియం థయోసల్ఫేట్ వేస్తారు. పాత ఫోటో స్టూడియోల్లో ‘హైపో’ అని పిలిచింది దీన్నే. విషం బస్తా తెచ్చినవాడే విరుగుడు బస్తా కూడా తెచ్చి పక్కన పెట్టుకుంటాడు. ముందే పెట్టుకుంటాడు. రొయ్యపిల్లలు నీళ్ళమీద తేలిన తర్వాత, ‘గుజరాత్ నుంచి వస్తోంది, ఓపిక పట్టండి’ అనడు. అంటే దివాలా తీస్తాడు.

ఇదే సోడియం థయోసల్ఫేట్‌ను శుద్ధి చేసి సూదిమందుగా తయారుచేస్తే అది సైనైడ్ విషానికి విరుగుడు. దేశం ప్రకటించుకున్న 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో దాని పేరుంది. హేచరీ బస్తాలోది మనిషికి ఎక్కించేది కాదు, ఎవరూ పొరపాటు పడొద్దు. కానీ ప్రశ్న మాత్రం ఎక్కడికీ పోదు. రొయ్యపిల్ల కోసం ముందే సిద్ధంగా ఉండే విరుగుడు, ఆ రొయ్యను పెంచే చిల్లకూరు మనిషి కోసం సిద్ధంగా ఉందా? ఉంటే ఏ ఆసుపత్రిలో ఉంది? ఎన్ని సూదులున్నాయి? గడువు తేదీ ఎప్పటిది? అర్ధరాత్రి ఆ బీరువా తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?

ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పలేని ప్రభుత్వానికి, ఇంకో ఫ్యాక్టరీకి కొబ్బరికాయ కొట్టే హక్కు లేదు.

మన పత్రికలో నెల్లూరు తీరం ముచ్చటెందుకు అని కొందరు మిత్రులు అడగొచ్చు. రాష్ట్రం కోసం రోడ్డెక్కినవాళ్ళం. బాష్పవాయువు పీల్చినవాళ్ళం. రుమాలు తడిపి ముఖానికి కట్టుకుని, కళ్ళు కనపడక గోడ పట్టుకుని నడిచినవాళ్ళం. ఊపిరి ఆడకపోవడమంటే ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. మనకది పది నిమిషాల బాధ. కొన్ని ఊళ్ళకు అది చివరి ఊపిరి. విషగాలి పొలిమేర రాయి చూసి ఆగదు. మన నీళ్ళు, మన నిధులు, మన ఉద్యోగాలు అని అడగడం నేర్చినవాళ్ళం, మన ఊపిరి అని కూడా అడగాలి.

చిల్లకూరే ఎందుకు?

చిల్లకూరు గూడూరు పక్కన, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి మీది మండలం. ఒకవైపు నిమ్మతోటలు, వరిపొలాలు, ఇంకోవైపు ఇసుక, చెరువులు, సముద్రం. ఈ మండలంలోని తమ్మినపట్నం దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రాలు వెలిశాయి. పొరుగునే కృష్ణపట్నం రేవు. చిల్లకూరు, కోట మండలాల భూముల్లో చెన్నై–బెంగళూరు పారిశ్రామిక కారిడార్ కింద కృష్ణపట్నం పారిశ్రామిక ప్రాంతానికి 2020 డిసెంబర్ 30న కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. మంజూరు చేసిన అంచనా 2,139 కోట్ల రూపాయల పైచిలుకు. 2025 జనవరి 8న ప్రధానమంత్రి విశాఖపట్నం వేదిక మీదనుంచి దీనికి శంకుస్థాపన చేశారు.

2,139 కోట్లు! రోడ్లకు లెక్క ఉంది. కాలువలకు లెక్క ఉంది. కరెంటుకు లెక్క ఉంది. అట్రోపిన్ సూదులకు లెక్క ఏదీ?

ఇక రహదారి సంగతి. చెన్నై నుంచి విశాఖ దిక్కు, విశాఖ నుంచి చెన్నై దిక్కు పోయే ట్యాంకర్లకు ఇదే దారి. ఈసారి రోడ్డు పక్కన చాయ్ తాగేటప్పుడు ట్యాంకర్ వెనకవైపు చూడండి. ఒక పలక మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 1005 అంటే అమోనియా. 1017 అంటే క్లోరిన్. 1230 అంటే మిథనాల్. 2055 అంటే స్టైరీన్. ప్రపంచమంతటా ఇవే అంకెలు. ఈ పలక ఉండాలని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనలే చెబుతున్నాయి. ట్యాంకర్ బోల్తా పడిన రాత్రి ఈ నాలుగంకెలు చదివి డాక్టర్‌కు ఫోన్‌లో చెప్పగలిగిన కుర్రాడు ఊరికి ఒక్కడుంటే చాలు, పది ప్రాణాలు దక్కుతాయి. మన బడుల్లో అక్బర్ పుట్టిన తేదీ నేర్పుతారు. ఈ అంకెలు ఎవరు నేర్పుతున్నారు?

జిల్లా గీతలు మాత్రం బాగానే గీస్తారు. 2022 ఏప్రిల్‌లో ఈ ప్రాంతాన్ని నెల్లూరు జిల్లా నుంచి తీసి తిరుపతి జిల్లాలో కలిపారు. మేము నెల్లూరువాళ్ళమే అంటూ గూడూరు జనం ఉద్యమించారు. న్యాయమైన కోరికే. గూడూరు నుంచి నెల్లూరు సుమారు 40 కిలోమీటర్లు, తిరుపతి అంతకు రెట్టింపు పైన. కలెక్టరు ఎక్కడ కూర్చుంటాడన్నది ఫైలు నడకకు సంబంధించిన విషయం అనుకోవద్దు. విషవాయువు లీకైన గంటలో అది ప్రాణానికి సంబంధించిన విషయం.

ట్యాంకుకు విమానంలో మందు!

2020 మే 7. తెల్లవారుజామున సుమారు 3 గంటలు. విశాఖపట్నం ఆర్.ఆర్.వెంకటాపురం. ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడింది. నిద్రలో ఉన్నవాళ్ళు లేచి పరుగెత్తారు. పరుగెత్తినవాళ్ళు దారిలో పడిపోయారు. పశువులు కట్టుగొయ్యల దగ్గరే చచ్చాయి. 12 మంది చనిపోయారు. వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు.

స్టైరీన్ దానంతటదే వేడెక్కి గట్టిపడే గుణమున్న ద్రవం. అలా జరగకుండా దానిలో టీబీసీ అనే నిరోధకం కలుపుతారు. ప్రమాదం జరిగాక ఆ ట్యాంకును శాంతింపజేయడానికి ఆ జాతి రసాయనాన్నే గుజరాత్ వైపు నుంచి విమానంలో తెప్పించారు. 500 కిలోలు! అది ట్యాంకుకు మందు. మనిషికి కాదు. మంటలు లేచాక బావి తవ్వడమంటే ఇదే కదా. తమ ట్యాంకుకు తమ గేటు లోపలే ఉండాల్సిన మందు ఆకాశంలో ఎగురుకుంటూ వచ్చింది.

మరి మనిషికి? స్టైరీన్‌కు ప్రత్యేకమైన విరుగుడు లేదు. ఆక్సిజన్, ఊపిరికి ఆసరా, కళ్ళకూ ఒంటికీ నీళ్ళు, గంటల తరబడి కనిపెట్టుకుని ఉండటం. ఇంతే వైద్యం. విరుగుడు లేని విషానికి ఉన్న ఏకైక విరుగుడు దూరం. దూరం పొమ్మని చెప్పేది సైరన్. ఆ ఫ్యాక్టరీలో సైరన్ మోగించే మీటలు 36 చోట్ల ఉండి కూడా ఊరిని లేపడానికి ఒక్కటీ నొక్కలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీయే తేల్చింది. 36 మీటలు! ఒక్క వేలు కరువైంది.

కాబట్టి ‘దీనికి మందు లేదండీ’ అని చేతులెత్తేసే అధికారికి మన జవాబు ఇది. మందు లేని విషాన్ని ఇళ్ళ నడుమ ఎందుకు పెట్టనిచ్చావు? పెట్టనిస్తే సైరన్ ఎందుకు మోగలేదు?

పేరు తెలియడమే మొదటి విరుగుడు

పాము కరిస్తే ఏ పామో చూడమంటారు పెద్దలు. రసాయనం కరిస్తే ఏ రసాయనమో చెప్పేవాడుండడు. ఇదీ మన దౌర్భాగ్యం.

2022 జూన్ 3. అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలిలో బట్టలు కుట్టే మహిళలు వందల సంఖ్యలో వాంతులతో, కళ్ళ మంటలతో కూలిపోయారు. ఏ వాయువు? మొదట అమోనియా అన్నారు. ఆగస్టులో మళ్ళీ అక్కడే, మళ్ళీ ఆడబిడ్డలే పడిపోయారు. మొదటి ఘటనకు క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు కారణమని తేలినట్టు పరిశ్రమల మంత్రి చెప్పింది ఆ రెండో ఘటన తర్వాతే. రెండు నెలలు! క్లోర్‌పైరిఫాస్ ఆర్గానోఫాస్ఫేట్ జాతి విషం. దానికి కచ్చితమైన విరుగుడుంది, అట్రోపిన్. అమోనియాకు విరుగుడు లేదు. అంటే పేరు తప్పయితే వైద్యమే దారి తప్పుతుంది.

2020 డిసెంబర్‌లో ఏలూరు. నడిచే మనిషి నడుస్తూనే మూర్ఛతో పడిపోయాడు. ఆరువందల మందికి పైగా ఆసుపత్రికి చేరారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఎయిమ్స్ అంది. పురుగుమందుల అవశేషాలని ఇంకో సంస్థ అంది. జనం మాత్రం ‘వింత వ్యాధి’ అని పేరు పెట్టుకున్నారు. ప్రభుత్వానికి పేరు దొరకనప్పుడు ప్రజలే పెట్టుకుంటారు.

వీటన్నిటికీ పెద్దమ్మ భోపాల్. 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి దాటాక మిథైల్ ఐసోసైనేట్ ఊరిని కమ్మింది. ఆసుపత్రికి వచ్చిన వేలమందికి ఏ మందివ్వాలని డాక్టర్లు కంపెనీని అడిగితే, కళ్ళు మండించే వాయువులాంటిదే, నీళ్ళతో కడగండి అన్నారు. మృతదేహాలను కోసి చూసిన వైద్యులకు సైనైడ్ అనుమానం వచ్చింది. థయోసల్ఫేట్ ఇవ్వాలా వద్దా అన్న వాదంలో వారాలు గడిచాయి. 1985 ఫిబ్రవరికి గానీ భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు రాలేదు. ఆ జూన్‌లో, బాధితులకు అదే సూది వేస్తున్న ప్రజల క్లినిక్ మీద పోలీసులు దాడిచేసి డాక్టర్లను అరెస్టు చేశారు! ఆ మందు ఎందరిని నిలబెట్టేదన్న వాదం వేరే, అది వైద్యులది. కానీ విషం పంచినవాడు ఇంట్లో కూర్చుంటే విరుగుడు పంచినవాడు లాకప్‌లో కూర్చున్న దేశం ఇది. మరిచిపోకండి.

ఏ విషానికి ఏ మందు?

ఇది డాక్టర్ల విద్య, మనకెందుకు అని పేజీ తిప్పకండి. అడిగేవాడికి ఏం అడగాలో తెలియాలి.

ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులకు అట్రోపిన్, దానితోపాటు పామ్ అని పిలిచే ప్రాలిడాక్సిమ్. పామ్ ఎంతవరకు పనికొస్తుందన్న చర్చ వైద్యుల్లో ఉంది, అట్రోపిన్ మీద చర్చ లేదు. సైనైడ్‌కు సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్, లేదంటే హైడ్రాక్సోకోబాలమిన్. అనిలిన్, నైట్రోబెంజీన్ లాంటివి రక్తాన్ని చాక్లెట్ రంగుకు తిప్పి ఒంటిని నీలంగా మారుస్తాయి. దానికి మిథిలీన్ బ్లూ. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మం మీద పడి ఎముకదాకా దిగితే కాల్షియం గ్లూకోనేట్. మిథనాల్‌కు ఫోమెపిజోల్, అది లేనిచోట డాక్టర్ పర్యవేక్షణలో ఇథనాల్. సీసం, ఆర్సెనిక్ లాంటి లోహాలకు వాటిని ఒంట్లోంచి లాగేసే మందులు వేరే ఉన్నాయి.

కార్బన్ మోనాక్సైడ్‌కు విరుగుడు ఆక్సిజన్, ఏ కల్తీ లేని నూరుపాళ్ళ ఆక్సిజన్. మామూలు గాలిలో ఉంచితే రక్తంలోని ఆ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. నూరుపాళ్ళ ఆక్సిజన్ ఇస్తే గంట, గంటన్నర. 2018 జూలై 12న తాడిపత్రి ఉక్కు కర్మాగారంలో ఈ వాయువే ఆరుగురిని పొట్టన పెట్టుకుంది. దానికి రంగుండదు, వాసన ఉండదు. పసిగట్టే మీటర్ ఉండాలి.

క్లోరిన్‌కు, అమోనియాకు విరుగుడు సూది లేదు. ఐస్ ఫ్యాక్టరీలో, చేపలూ రొయ్యలూ దాచే శీతల గిడ్డంగిలో ఉండేది అమోనియా. మంచినీళ్ళ ట్యాంకు దగ్గర, చల్లబరిచే నీళ్ళను శుద్ధిచేసే చోట ఉండేది క్లోరిన్. వీటికి కావలసింది విస్తారంగా నీళ్ళు, ఆక్సిజన్, నెబ్యులైజర్, అవసరమైతే వెంటిలేటర్. క్లోరిన్ పీల్చినవాడు ‘బాగానే ఉన్నాను’ అని ఇంటికిపోయి, కొన్ని గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి తెచ్చుకోవచ్చు. అందుకే కనిపెట్టుకుని ఉండటానికి మంచాలు కావాలి. క్లోరిన్ గాలికంటే బరువు, పల్లంలో దాక్కుంటుంది, మిట్టకు పోవాలి. గాలి వీచే దారికి అడ్డంగా పక్కకు పోవాలి. ఒంటిమీది బట్టలు విప్పేసి నీళ్ళతో కడగాలి. ఇవి చెప్పడానికి కోట్లు కావాలా? ఒక దండోరా చాలు.

ఇంకొక్క మాట. 2017 మార్చి 30న పశ్చిమ గోదావరి మొగల్తూరు దగ్గర ఆక్వా ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేయబోయి అయిదుగురు కూలీలు చనిపోయారు. ఇలాంటి చావుల్లో ఒకరిని తీయబోయి ఇంకొకరు పోవడం మనం మళ్ళీ మళ్ళీ చూస్తున్నాం. అక్కడ ఏ సూదీ పనిచేయదు. ముక్కుకు ఊపిరి యంత్రం, నడుముకు తాడు, పైన ఒక మనిషి. ఇదే విరుగుడు.

నలభై అయిదు సూదుల లెక్క

నేను డిగ్రీ చదివే రోజుల్లో మా పెదనాయన పత్తిచేనుకు మందు కొట్టివచ్చి వాకిట్లో కూలబడ్డాడు. నోట్లో నురగ, కళ్ళలో నీళ్ళు, చొక్కా చెమటతో తడిసి ముద్ద. జీపులో వేసుకుని సర్కారు దవాఖానకు పోయాం. ఆసుపత్రి పేరు రాయను, అది ఒక్క ఆసుపత్రి పాపం కాదు. ఉన్న సూదులు వేశారు. పావుగంటకే అయిపోయాయి. నర్సమ్మ చీటీ రాసి చేతిలో పెట్టింది. ‘బిడ్డా, బయట తెచ్చుకో, జల్దీ రా’ అంది. ఆమె చేయి వణుకుతోంది. ఆమె తప్పేముంది? అర్ధరాత్రి మెడికల్ షాపు షట్టర్ మీద గుద్దీ గుద్దీ యజమానిని లేపాను. పెదనాయన బతికాడు. బతికించింది వ్యవస్థ కాదు, షాపు మీది ఇంట్లో పడుకున్న ఒక మంచి మనిషి.

ఆ రాత్రి నాకు అర్థంకాని లెక్క ఇప్పుడు చెబుతాను. మన దగ్గర అట్రోపిన్ మామూలుగా 0.6 మిల్లీగ్రాముల చిన్న సీసాల్లో దొరుకుతుంది. విషం ఎక్కువగా ఎక్కిన మనిషికి మొదట మూడు సీసాలు వేశారనుకుందాం. ఊపిరితిత్తుల్లో నీరు ఆగకపోతే ప్రతి అయిదు నిమిషాలకూ మోతాదు రెట్టింపు చేస్తూ పోవాలి. మూడు, ఆరు, పన్నెండు, ఇరవై నాలుగు. పావుగంటలో నలభై అయిదు సీసాలు! ఒక్క మనిషికి! పదిమంది వస్తే నాలుగువందల యాభై. అచ్యుతాపురంలో లాగా వందల మంది వస్తే, అందులో పాతికమందికే విషం గట్టిగా ఎక్కినా వెయ్యి దాటుతుంది.

ఇప్పుడు చెప్పండి. ‘మా దగ్గర అట్రోపిన్ ఉందండీ’ అన్నమాటకు అర్థముందా? ఒక డబ్బా ఉండటం ఉన్నట్టేనా? ఎన్ని ఉన్నాయన్నదే ప్రశ్న. ఇదేమీ బంగారం కాదు. ధర నియంత్రణలో ఉన్న చౌక మందు. మంత్రిగారి శంకుస్థాపన సభకు వేసే షామియానా కిరాయితో ఒక ఏరియా ఆసుపత్రి బీరువా నింపొచ్చు.

2021 మే నెలలో కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం జనం ఎట్లా పోటెత్తారో దేశమంతా చూసింది. ఆ మందు సంగతి ఇక్కడ చర్చ కాదు. సర్కారు దవాఖానలో మందు దొరకదన్న భయం మనిషిని ఎక్కడిదాకా నడిపిస్తుందో ఆ వరస చెప్పింది. కరోనాకు రోజులున్నాయి, వరసలో నిలబడ్డారు. సైనైడ్‌కు, పురుగుమందుకు నిమిషాలే ఉంటాయి. వరస ఉండదు.

చట్టం ఉంది, చలనం లేదు

ఏదో కొత్త వరం అడగడం లేదు. భోపాల్ శవాల మీదనుంచి పుట్టిన చట్టాలే ఉన్నాయి. 1987లో ఫ్యాక్టరీల చట్టానికి 41బి అనే సెక్షన్ చేర్చారు. ప్రమాదకర రసాయనాల వివరాలను కార్మికులకూ చుట్టుపక్కల ప్రజలకూ యజమాని చెప్పి తీరాలన్నారు. 2025 నవంబర్ 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రత కోడ్ వచ్చినా, చెప్పాల్సిన బాధ్యత అందులోనూ ఉంది. ప్రమాదకర రసాయనాల మీద 1989 నిబంధనలు ఫ్యాక్టరీ లోపలి ప్రణాళిక యజమానిదని, గేటు బయటి ప్రణాళిక అధికారులదని తేల్చాయి. లోపల ఆరునెలలకోసారి, బయట ఏడాదికోసారి రిహార్సల్ చేయాలన్నాయి.

1996 నిబంధనలు ఇంకో అడుగు ముందుకేశాయి. కలెక్టర్ నాయకత్వంలో జిల్లా సంక్షోభ బృందం, అది 45 రోజులకోసారి కూర్చోవాలి. పారిశ్రామిక ప్రాంతంలో స్థానిక బృందం, అది నెలకోసారి కూర్చోవాలి. ఆ స్థానిక బృందంలో ఎవరుండాలో తెలుసా? ఫైరు అధికారి, పోలీసు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం అధికారి, ఇద్దరు స్థానిక డాక్టర్లు, ఊరి సర్పంచి లాంటి పెద్ద, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధి. ఇంకా, స్థానిక పత్రిక సంపాదకుడు!

అవును, పత్రిక సంపాదకుడు. నేను ఈ వృత్తిలో ఉన్నాను కాబట్టి అడుగుతున్నాను. నెలనెలా మీటింగుకు రమ్మని పిలుపు అందుకున్న విలేఖరి మిత్రులు ఎవరైనా ఉంటే చేయి ఎత్తండి. పిలుపు రాకపోతే, ఎందుకు రాలేదని ఎన్నడైనా అడిగామా? ఈ తప్పులో మన వాటా కూడా ఉంది.

వాళ్ళ వాదనలు మనకు తెలుసు. ‘ఇట్లా రాస్తే జనం భయపడతారు’ అంటారు. అయ్యా, వెంకటాపురం జనం భయపడి చావలేదు. ఎవరూ భయపెట్టకపోవడం వల్ల నిద్రలో చచ్చారు. ‘పరిశ్రమలు పక్క రాష్ట్రానికి పోతాయి’ అంటారు. సూదిమందు బీరువా చూసి పారిపోయే పరిశ్రమ ఇవాళ కాకపోతే రేపు శవాలను వదిలి పారిపోయేదే. పోనీయండి. ‘మీరు అభివృద్ధికి అడ్డం’ అంటారు. చిల్లకూరు పిల్లలకు ఉద్యోగాలు కావాలి. మేమూ అదే అంటున్నాం. ఉద్యోగానికి పోయిన బిడ్డ సాయంత్రం ఇంటికి తిరిగిరావడం కూడా అభివృద్ధి కిందే లెక్క. ప్రమాదం జరిగాక కోటి రూపాయల చెక్కు ఇస్తారు. ఆ కోటిలో ఎన్నో వంతు ముందే పెడితే ఆ చెక్కు రాసే పని తప్పేది?

మన డిమాండ్లు

ఒకటి. పారిశ్రామిక ప్రాంతంలో ఏ ఫ్యాక్టరీ వచ్చినా, ఏ రసాయనం ఎన్ని టన్నులు నిల్వ చేస్తుందో, దానికి విరుగుడు ఏమిటో, విరుగుడు లేకపోతే ఏం చేయాలో తెలుగులో రాసి పంచాయతీ గోడమీద అంటించాలి. అంటించేదాకా అనుమతి ఇవ్వొద్దు.

రెండు. గూడూరు ఏరియా ఆసుపత్రిలో విరుగుడు మందుల బీరువా పెట్టాలి. జాతీయ జాబితాలోని అట్రోపిన్, ప్రాలిడాక్సిమ్, మిథిలీన్ బ్లూ, సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్, కాల్షియం గ్లూకోనేట్ అందులో సామూహిక ప్రమాదానికి సరిపడా ఉండాలి. ఖర్చు విషం నిల్వ చేసేవాడు భరించాలి. తాళంచెవి 24 గంటలూ డ్యూటీలో ఉన్నవాళ్ళ దగ్గరే ఉండాలి. నిల్వ ఎంతో, గడువు ఎప్పుడో ప్రతినెలా బోర్డు మీద రాయాలి.

మూడు. తీరప్రాంత ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, 108 బండ్లలో మొదటి గంటకు సరిపడా అట్రోపిన్, ఆక్సిజన్, నెబ్యులైజర్ ఉండాలి. వాటిని వాడే సిబ్బందికి శిక్షణ ఉండాలి. శిక్షణ లేని చేతిలో విరుగుడు కూడా విషమే.

నాలుగు. స్థానిక సంక్షోభ బృందం పేర్లు, దాని మీటింగుల మినిట్స్ బయటపెట్టాలి. రిహార్సల్ ఫ్యాక్టరీ గేటు ముందు ఫోటోకు కాదు, ఊళ్ళో జరగాలి. సైరన్ మోగితే ముసలమ్మ ఏ దారిన పోవాలో ముసలమ్మకు తెలియాలి.

డిమాండ్లు రాసి చేతులు దులుపుకుంటే మనమూ అధికారులమే అవుతాం. విద్యార్థులారా, సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలతో ఒక దరఖాస్తు పెట్టండి. మీ ఏరియా ఆసుపత్రిలో పై ఆరు మందులు ఎన్ని ఉన్నాయి, గడువు ఎప్పుడు, గత ఏడాది సంక్షోభ బృందం ఎన్నిసార్లు కూర్చుంది అని అడగండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ప్రాణానికి సంబంధించిన సమాచారమైతే 48 గంటల్లో ఇవ్వాలని అదే చట్టం చెబుతుంది. ఫార్మసీ, నర్సింగ్, కెమిస్ట్రీ చదివే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీ చదువు ఒక ఆదివారం ఊరికి ఇవ్వండి. ట్యాంకర్ మీది అంకెలు, గాలికి అడ్డంగా నడవడం, నీళ్ళతో కడగడం, ఇంతే నేర్పండి. ఉద్యోగ మిత్రులారా, ఫార్మసిస్టులారా, నర్సమ్మలారా, చీటీ రాసిన ప్రతిసారీ ‘స్టాకు లేదు’ అని రిజిస్టర్‌లో కూడా రాయండి. ఆ ఒక్క వాక్యం రేపు విచారణ కమిటీ ముందు మీకు కవచం, ఊరికి సాక్ష్యం. ఏ విషమైనా అనుమానం వస్తే ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ విష సమాచార కేంద్రం ఉచిత నంబరు 1800 116 117. గోడమీద రాసిపెట్టుకోండి.

విషానికి సంతకం చేసిన చెయ్యే విరుగుడుకు జవాబు చెప్పాలి. ఇదొక్కటే మనం అడిగేది. చిల్లకూరు తీరంలో రొయ్యపిల్లకు ఈ న్యాయం ఎప్పటినుంచో దక్కుతోంది. మనిషికి కూడా దక్కేదాకా అడుగుతూనే ఉందాం.